అమ్మ మూతి కదలికలకు రాసిన మాత్ర: పెంచవచ్చా, ఆపేయాలా?

ప్రశ్న (ముమ్మిడివరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్లు. పోయిన ఏడాది సంక్రాంతి నుంచి ఆమె మూతి ఊరికే కదులుతోంది. నోట్లో ఏమీ లేకపోయినా కిళ్లీ నములుతున్నట్టు దవడలు ఆడతాయి, నాలుక పెదవుల మధ్యకు వచ్చి పోతుంది, నిద్రపోతే మాత్రం అంతా ఆగిపోతుంది. కట్టుడు పళ్లు సరిపోక అలా చేస్తోందనుకొని మేము వాటిని రెండుసార్లు మార్పించాము. చివరికి కాకినాడలో నరాల డాక్టరుగారికి చూపించాము. మూడేళ్లుగా మందుల షాపు నుంచి చీటీ లేకుండా తెచ్చుకొని వేసుకుంటున్న గ్యాస్ మాత్రలో లెవోసల్పిరైడ్ అనే మందు ఉన్నదని, ఈ కదలికలు దానివల్లే వచ్చి ఉంటాయని, దీనిని టార్డివ్ డిస్కైనీసియా అంటారని ఆయన చెప్పారు. ఆ మాత్ర ఆపించి, టెట్రాబెనజిన్ 25 మి.గ్రా. మాత్రలో సగం మొదటి వారం ఉదయం మాత్రమే, తరువాత ఉదయం, సాయంత్రం వేయమన్నారు.

ఇప్పటికి 20 రోజులైంది. మూతి కదలిక కొంత తగ్గింది. అయితే తెల్లవారుజామునే లేచి ముగ్గు వేసే మనిషి ఇప్పుడు వాకిలి వైపే చూడటం లేదు, పగలంతా పడుకునే ఉంటోంది. నాన్న పోయిన తరువాత రాజమండ్రిలో మానసిక వైద్యులు రాసిన ఫ్లూఆక్సెటిన్ 20 మి.గ్రా. ఆమె నాలుగేళ్లుగా వాడుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పడం ఆమెకు ఇష్టం లేక, మేము ఆ చీటీని కాకినాడకు తీసుకువెళ్లలేదు. మళ్లీ రమ్మన్న తేదీకి ఇంకా మూడు వారాలు ఉంది. నిండు మాత్ర వేస్తే మూతి పూర్తిగా ఆగుతుందని మా బావగారు, మందులన్నీ ఆపేయమని పెద్దమ్మ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం (పాలకొల్లు, ఫార్మసిస్టు)

మోతాదు పెంచవద్దు, మీ అంతట మీరు ఆపనూ వద్దు. రమ్మన్న తేదీ వరకు ఆగకుండా ఈ రోజే కాకినాడ డాక్టరుగారికి ఫోను చేసి ఫ్లూఆక్సెటిన్ సంగతి చెప్పండి.

టెట్రాబెనజిన్ నుంచి శరీరంలో పుట్టే క్రియాశీల పదార్థాలను వదిలించే పని చాలావరకు కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైముది. దిగులుకు వాడే ఫ్లూఆక్సెటిన్ ఆ ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుంది కనుక, మీరు వేస్తున్నది సగం మాత్రే అయినా రక్తంలో దాని బలం అంతకన్నా చాలా ఎక్కువగా ఉండవచ్చు. ఇలాంటి మందుతో కలిపి వాడేటప్పుడు ఒక విడతకు 25, రోజుకు 50 మి.గ్రా. మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన సమాచార పత్రం చెబుతుంది. మీ అమ్మగారు ఆ హద్దు లోపలే ఉన్నారు, కానీ పగలంతా మత్తుగా ఉన్నారంటే ఆమె ఒంటికి అదే ఎక్కువై ఉండవచ్చు. పోనీ ఫ్లూఆక్సెటిన్ మానేద్దామనుకుంటే, అది ఆపిన తరువాత కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, పైగా పాత దిగులు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ముగ్గు మాట. టెట్రాబెనజిన్ నరాల చివరల్లో కదలికలను నడిపే డోపమిన్‌తో పాటు మనసు స్థితితో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనం నిల్వను కూడా తగ్గిస్తుంది కనుక కొందరిలో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలిగించవచ్చు. ఒళ్లు అదుపు లేకుండా కదిలే హంటింగ్టన్ అనే వంశపారంపర్య నరాల జబ్బులో దీనిని వాడే రోగుల విషయంలో ఆ పత్రంలో మొదటి హెచ్చరిక ఇదే. అందుచేత అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, బతకాలని అనిపించడం లేదా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకొని ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంకొక మాట. గ్యాస్ మాత్ర ఆపిన కొత్తలో కదలికలు పెరిగినట్టు కనిపించడం ఉంటుంది. దానికి భయపడి మళ్లీ అదే మొదలుపెట్టకండి. వాంతుల మాత్రల్లో మెటాక్లోప్రమైడ్ కూడా ఇదే కోవలోది. దానిని 12 వారాలకు మించి వాడటం ఈ జబ్బుకు దారితీయవచ్చని అమెరికాలో 2009లోనే హెచ్చరించారు. ఇంట్లో ఉన్న ప్రతి షీటు వెనుక సన్నని అక్షరాలను చదవండి.

సమాధానం (రాజోలు నుంచి)

నేను డాక్టరును కాను, మా నాన్నగారిని ఆరేళ్లు చూసుకున్నవాడిని. ఆయన చేతుల వణుకుకు ఒక మందుల షాపులో ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ వాడిన నాలుగో రోజుకు మూత్రం బిగుసుకుపోయింది, రాత్రిళ్లు ఖాళీ వాకిట్లో ఎవరో కూర్చున్నారని వాళ్లకు మంచం వేయమనేవారు. ఆసుపత్రిలో ఆ మాత్ర ఆపిన తరువాతే మనిషి తేరుకున్నారు. మీ అమ్మగారికి వచ్చిన జబ్బులో అది కదలికలను ఎక్కువ కూడా చేయగలదని తరువాత మాకు వైద్యులు చెప్పారు. ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

మాకు బాగా ఉపయోగపడినవి ఒక నోటుపుస్తకం, ఫోను. మాత్ర వేసిన వేళ, ఎంత వేశామన్నది, ఆ రోజు నిద్ర, మాట, నడక రాసిపెట్టేవాళ్లం. వారానికి ఒకసారి, ఒకే వేళకు, కుర్చీలో చేతులు మోకాళ్ల మీద పెట్టించి నిమిషం, నడిపించి నిమిషం వీడియో తీయండి. మూతి ఒక్కటే చూడకండి. అడుగు ఈడుస్తున్నారా, కాఫీ గుటక వేసేటప్పుడు పొలమారుతోందా, ఒక చోట కూర్చోలేక లేచి తిరుగుతున్నారా అన్నవి కూడా టెట్రాబెనజిన్ ఎక్కువైనప్పుడు కనిపించే గుర్తులే.

ముమ్మిడివరం నుంచి మళ్లీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు ఫోనులో విని, ఫ్లూఆక్సెటిన్ సంగతి ముందే తెలిస్తే ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టేవాడినని, సాయంత్రం సగం మాత్ర ఆపి సోమవారమే తీసుకురమ్మని చెప్పారు. రాజమండ్రి డాక్టరుగారితో తానే మాట్లాడతానన్నారు. అమ్మను అడిగాను. చాలాసేపు ఊరుకొని, "చచ్చిపోవాలని లేదురా, దేని మీదకూ మనసు పోవడం లేదు" అన్నది. ఆ మాట కూడా డాక్టరుగారికి చెప్పాను. ఆమె మందుల స్టీలు డబ్బా దించి చూస్తే, బస్సులో వాంతులకని ఎవరో ఇచ్చిన మెటాక్లోప్రమైడ్ షీట్లు రెండు దొరికాయి. ఒకటి సగం అయిపోయింది. సోమవారం పొద్దున్నే యానాం మీదుగా వెళ్లే బస్సుకు బయలుదేరుతున్నాము, ఈసారి ఆ డబ్బాను అలాగే పట్టుకు వెళ్తాను.