మిద్దెతోట గ్రూపులో మొక్కల మాట తక్కువైపోతోంది, ఏం చేయాలి?

మిద్దెమీద_మల్లి:
మాది విజయవాడ. మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. విత్తనాలు పంచుకుందామని 2019లో 11 మందితో మొదలుపెడితే ఇప్పుడు 640 దాటారు. అడ్మిన్లం ఇద్దరం. రెండో ఆవిడ కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది, అంటే ఒక్కదాన్నే అనుకోండి.

పోయిన నెల ఒకావిడ పొద్దున్నే మిరప మొక్క ఫొటో పెట్టి, "ఆకులు ముడుచుకుంటున్నాయి, ఏం కొట్టాలి?" అని అడిగారు. ఆ వెనకే ఎవరిదో పెళ్ళిరోజు. శుభాకాంక్షలు, కేకులు, దణ్ణాలు కలిపి 80 పైనే పడ్డాయి. మధ్యలో వర్మీకంపోస్టు బస్తా రేటు ఒకటి. నేను ఆ ఫొటో చూసేసరికి మర్నాడు రాత్రయింది. ఆకు పైకి దోనెలా ముడిస్తే తామరపురుగు, కిందికి వంగితే నల్లి. మందు చెప్పేముందు చూడాల్సింది అదే. ఈలోపు ఎవరో చెప్పారని ఆవిడ సర్ఫు నీళ్ళు చిక్కగా కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టేశారు. 14 కుండీలు మాడిపోయాయి. ఒక్క మాట అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. తిట్టి వెళ్ళినా బాగుండేది.

అసలు చిక్కు మా మాస్టారితో. 74 ఏళ్ళు. రోజూ ఉదయం 5:10కి గులాబీ పువ్వు, కింద సూక్తి. ఆయన పెట్టగానే ఇంకో ముప్ఫైమంది నమస్కారాలు. కానీ మా గ్రూపులో సగం మిద్దెల మీద కాసే పొట్టి సొర ఆయనిచ్చిన విత్తనమే. ఆయన్ని ఎలా తీసేస్తాను?

అడ్మిన్లు మాత్రమే రాసేలా నాలుగు రోజులు పెట్టి చూశా. చీమ చిటుక్కుమంటే ఒట్టు. కబుర్లకి 'అరుగు' అని వేరే గ్రూపు పెడితే 38 మంది చేరారు, ఇప్పుడు గులాబీ రెండు చోట్లా వస్తోంది.

కొరడా:
తీసెయ్యండి మేడమ్. మొహమాటం ఉంటే గ్రూపులు నడపకూడదు.

మిద్దెమీద_మల్లి:
మీరు మా మాస్టారిని చూడలేదు.

రాగిదమ్మిడీ:
అక్కా, మాది నాణేల గ్రూపు, హైదరాబాద్. మాకు గులాబీల బాధ లేదు కానీ వైష్ణోదేవి బాధ ఉంది. 2012లో ఆ అమ్మవారి బొమ్మతో వచ్చిన 5 రూపాయల నాణెం పట్టుకుని "లక్షలొస్తాయట కదా, ఎవరు కొంటారు?" అని కొత్తవాళ్ళు అడగని రోజు లేదు. పాత నాణేల వ్యాపారానికి తన పేరు వాడుకుంటున్నారు, నమ్మొద్దు అని 2021లో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. అది ఎన్నిసార్లు పెట్టినా చదివేవాడేడీ?

"ధరలు అడగొద్దు" అని రాస్తే ఎవరూ వినలేదు. దాంతో నిబంధన తిరగేశాం. ఏ పోస్టయినా సరే నాణెం రెండు వైపులా ఫొటో, ఏడాది, టంకసాల గుర్తు ఉండాలి. ఏడాది కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇవి లేకపోతే పోస్టు తీసేస్తాం, తిట్టం. గుర్తు కోసం భూతద్దం పెట్టి వెతికినవాడు మర్నాటికి లక్షల సంగతి మర్చిపోయి, ఇంట్లో చిల్లర డబ్బా బోర్లించుకుని కూర్చుంటాడు. మీరూ ఆకు పైభాగం, అడుగుభాగం రెండు ఫొటోలు అడగండి. కేకుకి అడుగుభాగం ఉండదు కదా!

పాత_హామ్:
అమ్మా, నేను హామ్ రేడియో వాణ్ణి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళం. మా దగ్గర ఒకే ఫ్రీక్వెన్సీ మీద పాతికమంది చేరే 'నెట్' అని ఉంటుంది. దానికి ఒక కంట్రోలర్. కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) చెప్పి హాజరు వేయించుకుంటాం, ఆయన పిలిచినప్పుడే మాట్లాడతాం. ఇద్దరు కబుర్లలో పడితే ఆయన గొంతు పెంచడు. పక్క ఫ్రీక్వెన్సీకి వెళ్ళి మాట్లాడుకోమంటాడు, అంతే. ఎవరైనా 'బ్రేక్' అంటే మాత్రం అందరూ ఆగి వినాలి.

మా నెట్‌లో కంట్రోలర్ రోజుకొకరు మారతారు. మీరొక్కరే 640 మందిని కాయడం దేనికి? వారానికి ఏడుగురిని పెట్టండి. మొక్క చచ్చిపోతోందంటే 'బ్రేక్' లాంటి మాట ఒకటి అనుకోండి. మాస్టారికి మాత్రం గ్రూపులో ఏమీ రాయొద్దు, ఫోన్ చేయండి. వీలైతే ఇంటికే వెళ్ళండి.

మిద్దెమీద_మల్లి:
వెళ్ళాను. కాఫీ అయ్యాక మెల్లగా ఎత్తితే ఆయన ఆశ్చర్యపోయారు. "ఫార్వర్డు ఒకసారికి ఒక్క గ్రూపుకే పోతోందమ్మాయ్. మనదే పైన కనిపిస్తుంది, నొక్కేస్తున్నా" అన్నారు. పైన ఉండదా మరి, రాత్రి 12 దాకా మనవాళ్ళు కేకులు పంచుతూనే ఉంటారు! ఆయన ఫోన్ తీసుకుని వాకింగ్ మిత్రుల గ్రూపుని పైన పిన్ చేసి ఇచ్చాను. రెండేళ్ళ తలనొప్పికి అర నిమిషం పట్టింది.

గురువారం ఒక గులాబీ వచ్చింది కానీ నేను చూసేలోపే ఆయనే తీసేశారు. శుక్రవారం 5:10కి సొరపిందె ఫొటో పెట్టారు, రెండు వైపులా. పండుఈగ పొడిచిందా అని అడిగారు. కాగితం సంచి కట్టమని 9 మంది చెప్పారు.

'బ్రేక్' బదులు 'మాడుతోంది' అని పెట్టుకున్నాం. కాపలాకి ఐదుగురు దొరికారు, శని ఆదివారాలు ఖాళీ. వర్మీకంపోస్టు వాళ్ళ సంగతి ఇంకా తేలలేదు. అందులో ఒకాయన మా ఆడపడుచు భర్త.