దోమలపెంట, బ్రహ్మగిరి: ‘పెంట’ అనే మాట గురించి

దేవరకొండ సభ్యుని ప్రశ్న:
శ్రీశైలం దారిలోని దోమలపెంటను బ్రహ్మగిరి అని, ఈగలపెంటను కృష్ణగిరి అని మార్చారు కదా. పెంట అంటే చెత్త. మార్చడమే మంచిదైందని నా అభిప్రాయం. తెలిసినవాళ్లు చెప్పండి.

నా జవాబు:
అన్నా, నాకైతే మనసు కలుక్కుమన్నది. పెంట అంటే చెత్త అనేది పట్నంలో మిగిలిన అర్థం. మా అచ్చంపేట దిక్కు పెంట అంటే ముందు ఎరువు. నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే బండికి తడకలు కట్టి చేన్లకు పెంట తోలేవాళ్లు. ఇంటి ముంగట పెంటకుప్ప ఎంత పెద్దగుంటే ఆ ఇంట్లో అన్ని పశువులున్నట్టు లెక్క.

నల్లమలలో ఇంకో అర్థం ఉంది. చెంచులు నాలుగు గుడిసెలు వేసుకుని ఉండే చోటును పెంట అంటారు. కృష్ణకు అవతల సున్నిపెంట పేరులో ఉన్నదీ ఆ మాటే. పశువులు మందగా పండుకున్న చోటు, పేడ పేరుకున్న చోటు, ఆ పక్కనే మనుషులు నిలిచిన చోటు... అర్థం ఇట్లా సాగి ఉంటుందని నేననుకుంటున్నాను.

ఒకసారి మన్ననూరులో తేనె కొంటూ, అమ్మే పెద్దమ్మను "మీదే ఊరమ్మా?" అన్నాను. "ఊరు గాదు బిడ్డా, పెంట" అన్నది. ఊరు వేరు, పెంట వేరు అని ఆమెకు స్పష్టంగా తెలుసు. అచ్చంపేటలో పుట్టిన నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆమె నన్ను బిడ్డా అన్నది, వయసుకు తగ్గ మాట. ఓట్లప్పుడు ఆమె కొడుకంత వయసు లేని నాయకుడు మైకు పట్టుకుని ఆమెనే "అడవి బిడ్డా" అంటాడు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవప్పుడు ఏ పార్టీ నోట విన్నా అదే మాట. ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసింది, అది నిజంగా మేలు చేసిన పని. కానీ బిడ్డ అన్నాక పెట్టే చెయ్యి ఒకరిది, పట్టే చెయ్యి ఒకరిది అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో ఉన్న మాట ‘హక్కు’. చెంచుల వంటివాళ్లకు ఉండే చోటు మీదా, తిరిగే అడవి మీదా హక్కుందని ఆ చట్టం చెప్తుంది. జనాకర్షక పార్టీల సభల్లో బిడ్డ అనే మాట వినపడ్డంతగా ఈ మాట వినపడదు.

హాలియా సభ్యురాలు:
‘గిరిజనులు’ అంటే గౌరవంగానే ఉంది కదా? గిరి అని ఊరికి పెడితే తప్పేముంది?

నా జవాబు:
అక్కా, మాటలో తప్పు లేదు. 2022లో ఒక ప్రభుత్వం గిరిజన బంధు పథకం అన్నది. 2025లో ఇంకో ప్రభుత్వం మా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం అనే పథకం మొదలుపెట్టింది. పార్టీ మారినా గిరి మారలేదు. పట్టా భూమికి సోలార్ పంపు వస్తే సంతోషమే. కానీ మన దక్షిణ తెలంగాణలో గిరిజనులంటే ఎక్కువ మంది తండాల్లోని లంబాడీలు. చెంచులు పిడికెడు మంది. దేవరకొండ ఎస్టీ సీటు, నల్లమల చెంచులుండే అచ్చంపేట ఎస్సీ సీటు. ఓట్లు లెక్కపెట్టేవాళ్లకు తండా కనపడ్డట్టు పెంట కనపడదు. అందరినీ ఒక్క గిరి కింద చేర్చినప్పుడు ముందు మాయమయ్యేది పెంటే. ఇప్పుడు బోర్డు మీది నుంచి కూడా పోతుంటే నాకు బాధగా ఉంది.

ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం 2025లో కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు మనమంతా వార్తల్లో విన్నది దోమలపెంట అనే. మా బస్సుల్లో టికెట్ అడిగేవాళ్లూ అట్లనే అడుగుతారు.

ఈసారి మన్ననూరు పోయినప్పుడు ఆ పెద్దమ్మ కనపడితే, ఈగ పేరు ఒక పెంటకు, దోమ పేరు ఒక పెంటకు ఎట్లా వచ్చిందో అడిగి ఇక్కడే రాస్తాను. ఇంకెక్కడైనా పెంట అనే పేరున్న పల్లెలు మీకు తెలిస్తే కింద చెప్పండి.