బీసీసీలో పెడితే నిజంగా ఎవరికీ కనపడదా? మా అపార్ట్‌మెంట్ మెయిల్ గొడవ

కొత్త_ట్రెజరర్ అడిగారు:

అందరికీ నమస్తే. మాది మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్, 186 ఫ్లాట్లు. మూడు నెలల కింద నేను అసోసియేషన్ ట్రెజరర్ అయ్యా. అయ్యా అంటే ఏదో పోటీ చేసి గెలిచా అనుకునేరు, మీటింగ్‌లో వెనక కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటుంటే "ఈ బాబుకి కంప్యూటర్ వచ్చు కదా" అని నెత్తిన పెట్టేశారు.

పోయిన శనివారం మధ్యాహ్నం మెయింటెనెన్స్ రిమైండర్ పంపా. 186 మంది అడ్రస్‌లూ పైన అందరికీ కనపడే టూ గడిలోనే వేసేశా, నాకు తట్టలేదు అసలు. గంటలో మొదలైంది. ఒకాయన "నేను కట్టేశాను, రసీదు ఉంది" అని అందరికీ రిప్లై, దాని మీద ఇంకొకాయన "అసలు ట్యాంకర్ల బిల్లు అంత ఎందుకొచ్చింది ముందు అది చెప్పండి" అని అందరికీ, ఒకావిడ "దయచేసి నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అని అది కూడా అందరికీ. డల్లాస్‌లో ఉన్న ఓనర్ ఒకాయనకి అప్పుడు తెల్లవారుజాము 3 గంటలట, ఫోన్ ఆగకుండా మోగుతుంటే లేచి ఇంగ్లీషులో తిట్టాడు, మళ్ళీ అందరికీ. ఇదంతా ఒకెత్తు, సోమవారం పొద్దున మా బీ బ్లాక్‌లో రియల్ ఎస్టేట్ చేసే ఆయన ఆ అడ్రస్‌లన్నీ ఎత్తుకుని "శంకర్‌పల్లి దగ్గర ఓపెన్ ప్లాట్స్, స్పాట్ రిజిస్ట్రేషన్" అని మెయిల్ కొట్టాడు చూడండి, అందరూ నన్నే పట్టుకున్నారు.

ఆఫీసులో ఫ్రెండ్ బీసీసీ వాడమన్నాడు, అంటే బ్లైండ్ కార్బన్ కాపీ, టూ కింద ఉండే ఇంకో గడి, అందులో పెట్టిన అడ్రస్‌లు మిగతావాళ్ళకి కనపడవట. నా డౌట్లు ఏంటంటే, అందులో పెడితే నిజంగా ఒకరిది ఒకరికి కనపడదా, ఎక్కడైనా నొక్కితే తెలిసిపోతుందా? 186 మందికి ఒకేసారి వెళ్తుందా? ఇంకోటి, మా ప్రెసిడెంట్ గారు "డబ్బు కట్టనివాళ్ళకి పంపేటప్పుడు నన్ను కూడా గుట్టుగా పెట్టు" అంటున్నారు, అది చెయ్యొచ్చా?

పోస్ట్‌మ్యాన్_కొడుకు:

బ్రో, నేను మెయిల్ సర్వర్ల పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తా. కవర్ మీద ఒక అడ్రస్ ఉంటుంది, లోపల ఉత్తరంలో పైన "ఫలానా గారికి" అని ఒకటి ఉంటుంది కదా, మెయిల్‌కి కూడా అంతే రెండూ వేరు వేరు. టూ, సీసీ (అందరికీ తెలిసేలా కాపీ పంపే గడి) అని మనం చూసేది లోపలి ఉత్తరంలో రాసినది. సర్వర్‌కి ఎవరెవరికి ఇవ్వాలో చెప్పేది కవర్ మీద రాత. బీసీసీలో పెట్టిన వాళ్ళ పేర్లు కవర్ మీద మాత్రమే ఉంటాయి, ఉత్తరంలో ఉండవు, అందుకే అవతలివాడు ఎంత నొక్కినా హెడర్లు, అంటే మెయిల్ వెనకాల ఉండే సాంకేతిక వివరాలు, తెరిచి చూసినా వేరేవాళ్ళ అడ్రస్ దొరకదు. దాచిపెట్టడం కాదు, అసలు పంపనే పంపలేదు. నీ సెంట్ ఫోల్డర్లో మాత్రం నీకు మొత్తం కనపడుతుంది. జీమెయిల్‌లో అందుకున్నవాడికి బీసీసీలో తను ఉన్నట్టు తెలుస్తుంది, తన సంగతి మాత్రమే.

టూ ఖాళీగా వదిలేయకు, "అన్‌డిస్‌క్లోజ్డ్ రెసిపియెంట్స్" అని పడుతుంది, చూసేవాళ్ళకి స్పామ్ అనుకునేలా ఉంటుంది. టూ లో అసోసియేషన్ మెయిల్ ఐడీయే పెట్టుకో, మిగతా అందరూ బీసీసీ. కంప్యూటర్‌లో జీమెయిల్ అయితే కంట్రోల్ షిఫ్ట్ బీ కొడితే ఆ గడి తెరుచుకుంటుంది. ఫ్రీ జీమెయిల్‌లో రోజుకి 500 మంది లిమిట్, నీకు 186 కాబట్టి రెండుసార్లు పంపుకోవచ్చు, మూడోసారి ఆపేస్తుంది. అలాగే సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ 30 సెకన్లకి పెట్టుకో, మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, తప్పు పంపామని మనకి అర్థమయ్యేసరికి 5 సెకన్లు ఎప్పుడో అయిపోతాయి.

నీ రిప్లై ఆల్ గొడవ ఏమీ కొత్తది కాదులే. 1997లో మైక్రోసాఫ్ట్‌లోనే జరిగింది, బెడ్‌లామ్ డీఎల్3 అని ఒక లిస్టు, దాదాపు 13 వేల మంది ఉద్యోగులు అందులో ఉన్నారు. ఎవరో నన్నెందుకు ఇందులో పెట్టారు తీసేయండి అని అందరికీ రాస్తే, మిగతావాళ్ళు "నన్ను కూడా" "నన్ను కూడా" అని మళ్ళీ అందరికీ, ఆ దెబ్బకి కోటిన్నర మెయిళ్ళు తిరిగి సర్వర్లు కూర్చుండిపోయాయి. మెయిల్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీకే అట్లయింది, మీ అపార్ట్‌మెంట్ ఎంత.

బీసీసీలో ఉంటే రిప్లై ఆల్ కొట్టినా నీ ఒక్కడికే వస్తుంది. తిట్లు తగ్గవు గానీ నీ ఇన్‌బాక్స్ దాటవు.

చిట్టి_గారెలు:

ఎందుకండీ ఇదంతా, వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే అయిపోతుంది కదా ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తారు

కొత్త_ట్రెజరర్:

గ్రూప్ ఉందండీ, అందులో పొద్దున గుడ్ మార్నింగ్ పూలు, సాయంత్రం పార్కింగ్ గొడవ, మధ్యలో నా బిల్లు ఎవరికీ కనపడదు. పైగా గ్రూప్‌లో ఫోన్ నంబర్లన్నీ కనిపిస్తాయి, ప్లాట్ల ఆయన అక్కడ కూడా ఉన్నాడు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు ట్రై చేశా, 256 దాకా పెట్టొచ్చు గానీ నా నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, మా వాళ్ళలో ఎంతమంది నా నంబర్ సేవ్ చేసుకున్నారో ఆ రోజే తెలిసొచ్చింది.

రిటైర్డ్_స్టెనో:

బాబూ, నేను గోదావరి జిల్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు స్టెనోగా చేశాను. మీరు రోజూ సీసీ సీసీ అంటారే, అది కార్బన్ కాపీ. నాలుగు కార్బన్లు, ఐదు కాగితాలు, పైన మంచి కాగితం, కింద అంతా పల్చటి ఉల్లిపొర కాగితం, కలిపి సమంగా తట్టి రోలర్‌లోకి ఎక్కించి కొడితే ఐదో కాపీ మీద అక్షరాలు పొగలో చూసినట్టు ఉండేవి. ఒక అక్షరం తప్పు పడితే ఐదింటి మీదా రబ్బరు పెట్టి రుద్దాలి, వేళ్ళన్నీ నీలం.

ఇక బ్లైండ్ కాపీ అంటే ఉత్తరం మొత్తం కొట్టేశాక మిషన్లోంచి తీసి, అసలు కాగితం, అందరికీ తెలిసేలా వెళ్ళే కాపీలు పక్కన పెట్టేసి, గుట్టుగా వెళ్ళాల్సిన కాపీ, ఫైల్ కాపీ మాత్రమే మళ్ళీ ఎక్కించి, కింద "బీసీసీ ఫలానా వారికి" అని ఒక లైను కొట్టేవాళ్ళం. అంటే అవతలి పార్టీకి పోయిన కాగితం మీద ఆ లైనే ఉండదు. పైన ఆ అబ్బాయి చెప్పింది సరిగ్గా అదే, కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది అంతే.

మీ ప్రెసిడెంట్ గారి ముచ్చట మాత్రం పాత జబ్బే. మా జీఎం గారు సప్లయర్‌కి ఘాటుగా రాసిన ప్రతి ఉత్తరం పెద్దాయనకి బ్లైండ్ పంపించేవారు. ఒకసారి కొత్తగా వచ్చిన డిస్పాచ్ కుర్రాడు కవర్లు మార్చేశాడు, ఆ లైను ఉన్న కాగితం తిన్నగా సప్లయర్ చేతికే వెళ్ళింది. ఆ తరవాత ఆరు నెలలు ఆయన మాకు సరుకు అప్పు మీద ఇవ్వలేదు.

ఆఫీస్_బాధితుడు:

స్టెనో గారు చెప్పిందే నాకు పోయినేడు జరిగింది, డిస్పాచ్ కుర్రాడు లేకుండానే. పక్క టీమ్ అతను పని లేట్ చేస్తున్నాడని మెయిల్ రాసి మా మేనేజర్‌ని బీసీసీలో పెట్టా, సార్‌కి తెలిసి ఉండాలి అని. సార్ కారులో ఉండి ఫోన్‌లో చూసి, తను బీసీసీ అని గమనించకుండా రిప్లై ఆల్ కొట్టి "గుడ్, ఇలాగే వెంటపడు వదలకు" అని పంపేశారు. బీసీసీలో ఉన్నవాడు రిప్లై ఆల్ కొడితే టూలో, సీసీలో ఉన్నవాళ్ళందరికీ వెళ్ళిపోతుంది బాస్, అప్పుడు ఇన్నాళ్ళూ వెనక నక్కి చూస్తున్నాడని అందరికీ తెలుస్తుంది. ఆ అబ్బాయి ఇప్పటికీ క్యాంటీన్‌లో నన్ను చూస్తే టీ కప్పు తీసుకుని పక్కకెళ్ళిపోతాడు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే ముందు మెయిల్ పంపేస్తా, తరవాత సెంట్ ఫోల్డర్లోంచి అదే మెయిల్ సార్‌కి ఫార్వర్డ్ చేస్తా. దానికి ఆయన ఏం బటన్ నొక్కినా నాకే వస్తుంది. మీ ప్రెసిడెంట్ గారికి కూడా ఇదే చెయ్యండి, లేదా ధైర్యంగా సీసీలో పెట్టండి, చూస్తున్నారని తెలిస్తే డబ్బులైనా తొందరగా వస్తాయి.

లండన్_వాన:

ఆలస్యంగా చూశా ఈ థ్రెడ్, కానీ ఒకటి చెప్పాలి. మీరు దీన్ని జోక్‌గా తీసుకుంటున్నారు గానీ నేనుండే యూకేలో టూ, బీసీసీ తేడా మీద లక్షల పౌండ్ల ఫైన్లు పడ్డాయి. 2015లో లండన్‌లో 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్ వాళ్ళు హెచ్‌ఐవీ సర్వీస్ వాడుకునే వాళ్ళకి న్యూస్‌లెటర్ పంపుతూ అడ్రస్‌లన్నీ టూ లో పెట్టేశారు, 781 మంది, చాలా అడ్రస్‌లలో పూర్తి పేర్లే ఉన్నాయి. ఆ లిస్టులో పేరు కనపడితే దాని అర్థం ఏంటో ఆలోచించండి. మరుసటి ఏడు ఆ ఆస్పత్రి ట్రస్ట్‌కి లక్షా 80 వేల పౌండ్లు ఫైన్ వేశారు. 2021లో కాబూల్ తాలిబన్ చేతిలోకి పోయాక, బ్రిటిష్ వాళ్ళకి పనిచేసిన ఆఫ్ఘన్లని బయటికి తేవడానికి రక్షణ శాఖ పెట్టిన టీమ్ కూడా ఇదే పని చేసింది, 245 మందిని టూ లో పెట్టి పంపారు, ఇద్దరు రిప్లై ఆల్ కొట్టారు, అందులో ఒకతను తానున్న చోటు కూడా రాసేశాడు. ప్రాణాల మీదకి వచ్చే సంగతి. దానికి 2023 డిసెంబర్‌లో మూడున్నర లక్షల పౌండ్లు ఫైన్.

మన దగ్గర కూడా 2023లో డేటా రక్షణ చట్టం పాసయింది, అందులో పెద్ద పెనాల్టీ 250 కోట్ల దాకా ఉంది. అది మీ మీద పడుతుందని కాదు, పడితే మీ కార్పస్ ఫండ్ సరిపోదు అని చెప్తున్నా అంతే.

ఇంతకీ ఎవరూ అడగలేదు, ఆ శనివారం మెయిల్‌కి అటాచ్‌మెంట్ ఏమైనా పెట్టారా?

కొత్త_ట్రెజరర్:

పెట్టానండీ, బాకీల ఎక్సెల్ షీట్. ఫ్లాట్ నంబర్, పేరు, ఎంత బాకీ. ఫోన్ నంబర్ కాలమ్ హైడ్ చేశాలెండి.

లండన్_వాన:

అయ్యో. హైడ్ చేస్తే పోదు కదండీ, పక్క రెండు కాలమ్‌లు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ అంటే వచ్చేస్తుంది. ఇక్కడ నార్తర్న్ ఐర్లండ్ పోలీసులు 2023లో ఒక ఎక్సెల్ ఫైల్ బయటపెట్టారు, వెనకాల దాగి ఉన్న షీట్ ఒకటి గమనించలేదు, అందులో 9,483 మంది సిబ్బంది వివరాలు. ఏడున్నర లక్షల పౌండ్లు ఫైన్.

బీసీసీ అడ్రస్‌లనే కాపాడుతుంది, మీరు లోపల పెట్టిన కాగితాన్ని కాదు. ఎంత బీసీసీ వాడినా ఆ షీట్ వెళ్తే ఫలానా ఫ్లాట్ వాళ్ళు ఆర్నెల్ల నుంచి కట్టలేదు అని 185 ఇళ్ళకి తెలిసిపోయినట్టే. ఎవరి బాకీ వాళ్ళకే పంపండి. మొత్తం లెక్క పెట్టాలంటే పేర్లు లేకుండా పీడీఎఫ్.

పోస్ట్‌మ్యాన్_కొడుకు:

అవును, ఇది నేనే అడగాల్సింది. ఎవరి బాకీ వాళ్ళకి అంటే బీసీసీతో అవ్వదు బ్రో, మెయిల్ మర్జ్ కావాలి, అంటే షీట్‌లోంచి ఒక్కొక్కరి వివరాలు తీసుకుని ఎవరి మెయిల్ వాళ్ళకి విడిగా పంపేది. జీమెయిల్‌లో ఉన్న మెయిల్ మర్జ్ డబ్బులు కట్టే వర్క్‌స్పేస్ ప్లాన్‌లకే. ఫ్రీగా అంటే గూగుల్ షీట్స్‌లో చిన్న స్క్రిప్ట్ (దానంతటదే పంపే చిన్న ప్రోగ్రామ్) రాసుకోవచ్చు కానీ మామూలు అకౌంట్‌కి స్క్రిప్ట్‌తో రోజుకి 100 మందికే పంపనిస్తుంది. నీకు రెండు రోజుల పని, ఏ బీ బ్లాక్‌లు ఇవాళ, సీ డీ రేపు. మామూలు నోటీసులకి, నీళ్ళు రావు లిఫ్ట్ పనిచేయదు లాంటివాటికి, గూగుల్ గ్రూప్ (ఒక్క అడ్రస్‌కి పంపితే మెంబర్లందరికీ వెళ్ళేది) పెట్టి పోస్ట్ చేసే హక్కు మీ కమిటీ వాళ్ళకే ఉంచు, మెంబర్ల లిస్టు మేనేజర్లకే కనపడేలా సెట్ చేయి. అప్పుడు ప్రతిసారీ 186 అడ్రస్‌లు అతికించే పని ఉండదు, ఒకరోజు తొందరలో టూలో పడిపోతాయనే భయమూ ఉండదు.

కొత్త_ట్రెజరర్ (వారం తర్వాత):

అప్‌డేట్. స్క్రిప్ట్ పనిచేసింది, బాకీలు విడివిడిగా వెళ్ళాయి, రెండో రోజు సాయంత్రానికి 31 మంది కట్టేశారు. ప్రెసిడెంట్ గారిని గుట్టుగా కాకుండా సీసీలోనే పెట్టా, పెట్టమంటారా అని అడిగి మరీ, ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు.

గ్రూప్ ఇంకా సెట్ చెయ్యలేదు, ఈలోపు జనరల్ బాడీ మీటింగ్ నోటీసు బీసీసీలో పంపా. ఒక్క రిప్లై ఆల్ లేదు, ప్రశాంతం అనుకున్నా. రాత్రి నలుగురు ఫోన్ చేశారు, "బాబూ ఈ మెయిల్ నాకొక్కడికే పంపావా? నేనేం చేశాను?" అని. పేర్లు ఎవరివీ కనపడకపోయేసరికి ఒక్కొక్కళ్ళకీ అది తనకే వచ్చిన షోకాజ్ నోటీసులా ఉందట. కాబట్టి ఎవరైనా ఇలా పంపితే పైన మొదటి లైన్లోనే "ఓనర్లందరికీ పంపుతున్నాం" అని రాయండి.

ఇవాళ పొద్దున మోకిలాలో విల్లాలు అని మళ్ళీ మెయిల్ వచ్చింది. పాత లిస్టుకే.