ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు నెలలు, పాపకు జడ ఇంకా అత్తయ్యగారే వేస్తున్నారు

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 34 ఏళ్ళు, బైపోలార్ ఉంది, అంటే మనసు కొన్నాళ్ళు పట్టలేని హుషారుకు, కొన్నాళ్ళు లోతైన దిగులుకు వెళ్ళే జబ్బు. పాపకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి.

జబ్బు మొదట బయటపడింది పాప పుట్టిన మూడో వారంలో. రాత్రంతా నిద్ర లేదు, పిల్లను ఎవరో మార్చేశారని ఒకటే గొడవ. బాలింతకు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. పది రోజులయ్యాక గానీ సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బాగానే ఉన్నాను. బాగున్నాను కదా అని నిరుడు మందులు నేనే మానేశాను. నా తప్పే, దాచడం ఎందుకు.

ఈ ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్ళి. నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా అలసటే తెలియలేదు. పెళ్ళయిన మూడో రోజు రాత్రి ఒంటిగంటకు పాపను లేపి, పుట్టినరోజు గౌను తొడిగి, సూర్యలంక సముద్రం చూపిస్తానని స్కూటీ ఎక్కించుకుని బయల్దేరాను. పొన్నూరు చేరకముందే పెట్రోలు అయిపోయింది. మా ఆయన వెతుక్కుంటూ వచ్చేసరికి మూసి ఉన్న టీ బంకు ముందు బల్ల మీద పిల్ల ఒక్కతే కూర్చుని ఉందట. నేను రోడ్డు మధ్యలో నిలబడి లారీలు ఆపుతున్నానట. నాకు లారీలు గుర్తు లేవు, గౌను గుర్తుంది.

18 రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇప్పుడు లిథియం (మనసు హెచ్చుతగ్గులను అదుపులో ఉంచే మందు), రాత్రి ఇంకో మాత్ర. మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు. కానీ పాప పనులన్నీ అత్తయ్యగారి చేతికి వెళ్ళిపోయాయి. బడి వ్యాను 7.40కి వస్తుంది. ఆ టైముకి నాకు తల దిమ్ముగా ఉంటుంది. బళ్ళో రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టాలి. ఒకరోజు ఎలాగో లేచి వేశాను. చెయ్యి సన్నగా వణుకుతుంది కదా, పాపిడి వంకర వచ్చింది. అత్తయ్యగారు ఒక్క మాట అనకుండా విప్పేసి మళ్ళీ వేశారు. తిట్టినా బాగుండేది.

ఇంకో సంగతి. పాప రోజూ నా మాత్రల షీటు తీసి లెక్కపెడుతోంది. నేను కాస్త గట్టిగా నవ్వితే చాలు, చేస్తున్న పని ఆపి నా ముఖం వంక చూస్తుంది.

దానికి ఏం చెప్పాలి? అత్తయ్యగారిని ఎలా అడగాలి? మా ఆయన మంచివాడే, కానీ ఏది అడిగినా "ముందు నువ్వు రెస్టు తీసుకో" అంటాడు. నాలుగు నెలల రెస్టు అయింది.

ఖమ్మం కూతురు:

అక్కా, నేను ఆ లెక్కపెట్టే పిల్లని. అంటే ఒకప్పుడు.

మా అమ్మకు స్కిజోఫ్రెనియా, అంటే లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. నాకు పదేళ్ళప్పుడు మొదలైంది. ఇంట్లో ఎవరూ ఆ పేరు నా ముందు అనలేదు. "అమ్మకు ఒంట్లో బాగాలేదు" అనేవాళ్ళు, కానీ జ్వరం లేదు, దగ్గు లేదు. అంతకు ముందు రోజే లెక్కల్లో తక్కువ మార్కులు వస్తే అబద్ధం చెప్పి దొరికిపోయాను. దానివల్లే అమ్మకు ఇలా అయిందని ఇంటర్ దాకా నమ్మాను. నవ్వొస్తుంది కదా, నాకు ఇప్పటికీ రాదు.

అందుకని పాపకు జబ్బు పేరు చెప్పండి. పిల్లలకు తెలియనిది ఏదీ ఉండదు, పేరొక్కటే తెలియదు. నీవల్ల రాలేదని చెప్పండి, ఒక్కసారి చెబితే సరిపోదు. అమ్మ దగ్గర కూర్చుంటే అంటుకోదనీ చెప్పండి, ఎందుకంటే మా చిన్నమ్మ పిల్లలను మా ఇంటికి పంపడం మానేసింది, కారణం నేనే ఊహించుకున్నాను.

ఆ మాత్రల షీటు మాత్రం దాని చేతి నుంచి తీసుకోండి. "లెక్క చూసే పని నాన్నది, నీది కాదు" అని మీ ఆయన ముందే అనండి. అమ్మ మాత్ర వేసుకుందో లేదో చూడకుండా నేను నిద్రపోయేదాన్ని కాదు. ఇంటర్ పరీక్షలప్పుడు కూడా. ఎప్పుడైనా భయమేస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఒక్క నంబరు నేర్పండి. నాకు మా మామయ్య నంబరు ఉండేది, రెండుసార్లు పనికొచ్చింది.

హితైషి:

ఇదంతా మనసు బలహీనతమ్మా. ఇంగ్లీషు మందులు మత్తు తప్ప ఏమీ చేయవు. నెమ్మదిగా ఆపేసి ధ్యానం మొదలుపెట్టండి.

వార్డు నర్సు, విశాఖ:

హితైషి గారూ, ధ్యానం ఎవరైనా చేసుకోవచ్చు. మందులు ఆపమని మాత్రం ఇంకెవరికీ చెప్పకండి. ఆవిడ ఒకసారి ఆపారు, ఏమైందో పైనే రాశారు.

తెనాలి అమ్మాయీ, పదకొండేళ్ళుగా సైకియాట్రీ వార్డులో పనిచేస్తున్నాను. మీరు వణుకు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, నాకు అదే ముందు కనబడింది. లిథియం మీద ఉన్నవాళ్ళకు చేతులు సన్నగా వణకడం మామూలే, అయినా డాక్టరుకు చెప్పండి, దానికీ ఏదో ఒక మార్గం ఉంటుంది. వణుకు ఒక్కసారిగా పెరిగి, వాంతులో విరేచనాలో అయి, నడకలో తూలి, మాట ముద్దగా వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. రక్తంలో లిథియం మోతాదు మించిందేమో చూడాలి. పరీక్షకు రక్తం ఇచ్చేది రాత్రి లిథియం వేసుకున్న పన్నెండు గంటల తర్వాత. పొద్దున కూడా లిథియం ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోండి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించండి. ఒంటినొప్పులని మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి. శ్రావణ శుక్రవారాలు వస్తున్నాయి, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మీకు వద్దు. అమ్మవారు ఏమీ అనుకోదు.

పొద్దున దిమ్ము సంగతి. రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారు? పదిన్నరకైతే కాస్త ముందుకు జరపవచ్చేమో డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మార్చకండి. "దిమ్ముగా ఉంది" అంటే డాక్టర్లు తలూపి ఊరుకుంటారు. "7.40కి పాపను బడికి పంపాలి" అని చెప్పి చూడండి.

మీ పాప పుట్టినప్పటి సంగతి చదివి బాధేసింది. కాన్పు తర్వాత వారాల్లో అలా రావడం అత్యవసర పరిస్థితి, తాయెత్తుతో గడిపే రోజులు కావు. తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే విభాగం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా, తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి విడదీయకూడదని రాసి ఉంది. ఎప్పుడైనా రెండో బిడ్డ అనుకుంటే, నెల తప్పాక కాదు, అనుకున్నప్పుడే సైకియాట్రిస్టుతో మాట్లాడండి.

అదే చట్టంలో మీకు ఇప్పుడే పనికొచ్చేది ఇంకోటి ఉంది. మళ్ళీ జబ్బు చేసి మీరు నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే మీ తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో కూడా ముందే రాసి ఉంచుకోవచ్చు. పద్ధతి మీ ఆస్పత్రిలో అడగండి. పాపను ఎవరు చూసుకోవాలి, బడికి ఎవరు చెప్పాలి లాంటివి ఇంటివరకు వేరే కాగితం మీద రాసుకోండి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

బందరు నాయనమ్మ:

నేను మీ అత్తగారి వైపు నుంచి రాస్తున్నానమ్మా, కోపం తెచ్చుకోకు. నా కోడలికీ ఇదే జబ్బు. నేనూ జడ విప్పి మళ్ళీ వేసినదాన్నే. మా ఇంట్లో జడ కాదు, క్యారేజీ. తను సర్దితే నేను తీసి మళ్ళీ సర్దేదాన్ని. ఉప్పు చూడ్డానికి అని చెప్పేదాన్ని. చూసింది ఉప్పు కాదు.

అర్ధరాత్రి ఫోన్ మోగితే ఏం వినాల్సి వస్తుందోనన్న భయం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆ రాత్రి నువ్వు లారీలు ఆపుతున్నావు, ఆవిడ ఇంట్లో దేవుడి గది ముందు కూర్చుని ఉండి ఉంటుంది. "నాకు తగ్గిపోయింది, నా పిల్లను నాకిచ్చేయండి" అంటే ఆవిడ ఇవ్వదు. నేనూ ఇవ్వలేదు.

మా కోడలు ఒకరోజు నాతో ఏమందంటే, "అత్తయ్యా, నేను వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోయినా, ఒక్క రోజులో మూడు చీరలు కొన్నా మీ అబ్బాయికి చెప్పండి. అప్పుడు నేను మిమ్మల్ని నానా మాటలూ అంటాను, అయినా చెప్పండి." అంతవరకు తనకు తెలియకుండా కనిపెట్టి చూసేదాన్ని. తనే చెప్పాక దొంగచాటు పోయింది. ఆ వారం క్యారేజీ మూత తీయలేదు.

ఇంకోటి. పొద్దున హడావిడిలో మొదలుపెట్టకు. ఆదివారం తలంటి పోసి, సాయంత్రం తీరిగ్గా వెయ్యి. వంకర పోతే పోయింది, ఆదివారం సాయంత్రం ఏ టీచరమ్మ చూస్తుంది?

తెనాలి అమ్మాయి:

మూడు వారాలయింది. జవాబులు అప్పుడే చదివాను, ఏదైనా చేశాకే రాద్దామని ఆగాను.

నర్సు గారూ, రాత్రి మాత్ర ఎనిమిదికి మార్చారు. ఏడింటికి లేవగలుగుతున్నాను. వణుకు కొంచెం ఉంది.

నాయనమ్మ గారూ, మీ కోడలి మాటలు దాదాపు అలాగే చెప్పేశాను. అత్తయ్యగారు వింటూ చిక్కుడుకాయలు ఈనె తీస్తూనే ఉన్నారు. అన్నీ అయ్యాక, "నిద్ర సంగతి రాసుకోరా, నేను మర్చిపోతాను" అని మా ఆయనతో అన్నారు. కాగితం ఫ్రిజ్ మీద అంటించాం. నా గుర్తులు నాలుగు రాశాను. ఐదోది అత్తయ్యగారు చెప్పారు: "వంటింట్లో గిన్నెలన్నీ దించి తోమడం మొదలుపెడుతుంది." అది నాకే తెలియదు.

మంగళ, శుక్రవారాలు పొద్దున రెండు జడలూ నావి. మొదటి మంగళవారం అత్తయ్యగారు ఆ టైముకి కావాలనే పాలకు వెళ్ళారు.

ఖమ్మం చెల్లీ, పాపకు పేరు చెప్పాను. బైపోలార్ అంటే పోలార్ బేర్ అనుకుంది ముందు. తర్వాత అడిగింది, "మరి సముద్రం చూపిస్తానన్నావే, అది కూడా జబ్బేనా?" అని. చాలాసేపు ఏం చెప్పాలో తోచలేదు. అర్ధరాత్రి బయల్దేరడం జబ్బు, నీకు సముద్రం చూపించాలనుకోవడం అమ్మ అన్నాను. సెలవుల్లో నాన్నతో కలిసి బస్సులో వెళ్దామంది. బస్సు అని గట్టిగా రెండుసార్లు అంది.

మాత్రల షీటు మా ఆయన దగ్గర ఉంది. పాప ఇంకా అప్పుడప్పుడు తొంగి చూస్తోంది. స్కూటీ తాళం అత్తయ్యగారి బీరువాలో ఉంది, నేనే ఇచ్చాను.

ఈ శుక్రవారం గుంటూరులో రక్తపరీక్ష, ఆరున్నరకే బస్సు. ఆ ఒక్కరోజు జడ అత్తయ్యగారే వేస్తారు.