"గేర్ పళ్ళు పోయినయ్" అంటే ఏమైనట్టు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్స్ విప్పినా ట్రాక్టర్‌ది విప్పినా ముందు వినపడే మాట "పళ్ళు పోయినయ్". ఈ "పోవడం" బదులు ఇంకా సరైన మాటలు మీ వైపు ఏమున్నాయో చెప్పండి, ఎందుకంటే పన్ను ఎలా పోయిందో దాన్నిబట్టి బలం లెక్కే మారిపోద్ది.

విరగడం ఒకటి. దీనికి 1892లో విల్ఫ్రెడ్ లూయిస్ అనే ఇంజనీరు చెప్పిన పద్ధతే ఇప్పటికీ పునాది, పన్నుని గోడలో ఒక కొస దిగ్గొట్టిన దూలం అనుకుని, రెండో కొస మీద లోడు పడితే గోడ దగ్గర ఎంత ఒత్తిడి వస్తదో చూడటం. పంటి వెడల్పు, మాడ్యూల్ (గేర్ వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చే పంటి సైజు అంకె), ఆకారం ఈ మూడింటి మీద ఉంటది. 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పన్ను పన్నుని నెట్టే దిశ వాలు) ఉన్న పళ్ళకి ఆ ఆకారం అంకె 20 పళ్ళ గేర్‌కి 0.32, 60 పళ్ళ దానికి 0.42 దాకా వస్తది, ఈ అంకె పెద్దదైతే పన్ను బలం ఎక్కువ, అంటే రెండూ ఒకే ఉక్కయితే చిన్నదే ముందు విరుగుద్ది.

గుంటలు పడటం వేరే సంగతి, పన్నూ పన్నూ ఒత్తుకునే చోట ముఖం అలిసిపోయి వచ్చేది. లోడు రెట్టింపైతే పంటి మొదలు దగ్గర ఒత్తిడి రెట్టింపవుద్ది, ముఖం మీద మాత్రం 1.41 రెట్లే. చక్రాల సైజు అలాగే ఉంచి పళ్ళు లావు చేస్తే విరగడం తగ్గుద్ది గానీ గుంటలు పెద్దగా తగ్గవు, దానికి ముఖం గట్టిపడాలి లేదా గేర్ వెడల్పు పెరగాలి. అందుకే "పోయినయ్" అని ఊరుకుంటే కొత్త గేర్‌కి ఏం మార్చాలో తెలీదు.

— మా గుంటూరులో "పెచ్చులూడినయ్" అంటారండి, అది ఇందులోకే వస్తదా?

వస్తదండి, చాలా మంచి మాట. గుంటలు కలిసిపోయి పైపొర ముక్కలుగా లేస్తే అదే. కేస్ హార్డెనింగ్ (పైపొరని మాత్రమే గట్టిపరచడం) చేసిన పళ్ళకి గట్టి పొర లోతు చాలకపోయినా అలా లేస్తది.

— ఆయిల్‌లో ఇసుక చేరితే "తినేసినయ్" అంటాం అన్నా.

అది అరుగుదల, దీన్ని లూయిస్ లెక్క పట్టుకోదు. ఆయిల్ శుభ్రంగా ఉంచుకోవాల్సిందే.

— పంటి మొదలుని "చిగురు" అనొచ్చుగా?

నోట్లో పంటికైతే సరేగానీ చెట్టుకి చిగురు కొసన ఉంటది కదండీ, చదివేవాళ్ళు తికమకపడతారు. పగులు పుట్టేది మొదలు దగ్గరే, అక్కడ వంపు గుండ్రంగా లేకుండా పదునైన మూలలా ఉంటే ఇంకా తొందరగా పుడుద్ది, కాబట్టి "మొదలు" అనే రాద్దాం.