కిటికీ పక్కన బల్లలు ఖాళీగా ఉన్నా మమ్మల్ని కింది హాలుకు పంపారు. ఇది వివక్షేనా?

విశ్రాంత ఉపాధ్యాయిని, విజయవాడ

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న వేసవిలో నన్నూ, వాళ్ల నాన్ననూ స్విట్జర్లాండ్ తీసుకువెళ్లాడు. ఇంటర్లాకెన్ దగ్గర, సరస్సు ఒడ్డున ఒక హోటల్లో నాలుగు రాత్రులకు తనే గదులు తీసుకున్నాడు. ఏ టూరు కంపెనీతోనూ మాకు సంబంధం లేదు.

మొదటి రోజు ఉదయం భోజనశాల గుమ్మం దగ్గర నిలబడిన అమ్మాయి మా ముఖాలు చూసి, గది నంబరు అడగకుండానే, "మీ గ్రూపు కింద ఉంది" అని మెట్లు చూపించింది. మాకు గ్రూపేమీ లేదని అబ్బాయి జర్మన్‌లోనే చెప్పాడు. "భారతీయులకు కింద ఏర్పాటు చేశాం, తిండి ఒకటే" అంది. సరస్సు వైపు కిటికీల దగ్గర మూడు బల్లలు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. మా వెనకే వచ్చిన యూరోపియన్ దంపతులను గది నంబరు అడిగి అందులో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మేము దిగి వెళ్లాం. కింద కిటికీలు లేవు. ఒక గుజరాతీ గ్రూపు తింటోంది. మమ్మల్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు, తాము తెచ్చుకున్న థేప్లాలు పెట్టారు. ఆ ఆప్యాయతను ఎప్పటికీ మరవను. కానీ మిగిలిన మూడు రోజులూ అవే మెట్లు దిగాం.

2019లో స్విట్జర్లాండ్‌లోనే గ్‌స్టాడ్ అనే ఊళ్లోని ఒక హోటల్, ప్రత్యేకంగా భారతీయ అతిథులకంటూ ఒక నోటీసు పెట్టింది. బఫేలోని తిండి బయటికి పట్టుకుపోవద్దని, వరండాల్లో గట్టిగా మాట్లాడవద్దని అందులో ఉంది. అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. మావారు దాన్ని గుర్తుచేసి "మనవాళ్లు తెచ్చిపెట్టుకున్నదే" అంటారు. అబ్బాయి మరిచిపొమ్మంటాడు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను. ఒకడు అల్లరి చేస్తే తరగతినంతా బెంచీ ఎక్కించడం తప్పని నమ్మినదాన్ని. మీరేమంటారు?

టూర్ మేనేజర్, హైదరాబాద్

అమ్మా, మీ బాధ కాదనను. కానీ ఇటువైపు సంగతి కూడా వినండి. పదహారేళ్లుగా యూరప్‌కు గ్రూపులను తీసుకువెళ్తున్నాను. వేరే హాలు చాలాసార్లు మేమే అడిగి రాయించుకుంటాం. నలభై ఎనిమిది మంది ఏడింటికి తినడం మొదలుపెట్టి ఏడున్నరకల్లా బస్సెక్కాలి. జైనులుంటే ఉల్లి, వెల్లుల్లి లేనివి విడిగా పెట్టాలి. పైన కూర్చునేవారికన్నా మేము తలకు తక్కువ కడతాం కూడా. అది వివక్ష కాదు, ఒప్పందం.

ఇంకో మాట కటువుగా ఉంటుంది. ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు, అరటిపళ్లు సంచుల్లోకి వెళ్లడం రోజూ చూస్తాను. వద్దంటే "డబ్బు కట్టాం కదా" అంటారు. అదే 2019లో బాలిలో హోటలు సిబ్బంది ఒక భారతీయ కుటుంబం పెట్టెలు తెరిపించి, హోటలు వస్తువులు బయటికి తీయించిన వీడియోను దేశమంతా చూసింది. పొద్దున్నే హడావిడిలో గుమ్మం దగ్గరి పిల్ల మిమ్మల్ని గ్రూపువాళ్లే అనుకుని ఉంటుంది. పొరపాటుకు జాతి వివక్ష అనే బరువైన పేరు పెట్టకండి.

లండన్ తెలుగు

పొరపాటయితే, గ్రూపు లేదని చెప్పగానే సరిదిద్దుకోవాలి. ఆమె "భారతీయులకు కింద" అంది. ఆ మాటతోనే అది పొరపాటు కాకుండా పోయింది.

"తిండి ఒకటే" అన్నారు కాబట్టి ఒక పాత కేసు చెబుతాను. లియరీ కాన్‌స్టాంటైన్ వెస్టిండీస్‌కు ఆడిన నల్లజాతి క్రికెటర్. 1943లో లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి భార్యతో, కూతురితో వచ్చి లండన్‌లోని ఇంపీరియల్ హోటల్లో దిగాడు. నాలుగు రాత్రులకు ముందే గదులు తీసుకున్నాడు. తన ఒంటి రంగు ముందే చెప్పి, అభ్యంతరం లేదనిపించుకున్నాడు కూడా. తీరా వచ్చాక, ఒక్క రాత్రికి మించి ఉండటానికి వీల్లేదన్నారు. అక్కడ దిగిన అమెరికన్ తెల్లవారికి నచ్చదని కారణం. అదే యాజమాన్యానికి చెందిన ఇంకో హోటల్లో చోటిస్తామన్నారు. ఆయన అక్కడికే వెళ్లాడు, తరవాత దావా వేశాడు. వేరేచోట పడక దొరికింది కదా అనే వాదన 1944లో కోర్టులో నిలవలేదు. సరైన కారణం లేకుండా చేర్చుకోకపోవడమే తప్పని న్యాయమూర్తి తీర్పిచ్చారు. పరిహారం మాత్రం ఐదు గినీలే, అంటే ఐదు పౌండ్లకు కాస్త ఎక్కువ. వర్ణవివక్షను నిషేధించే చట్టం అప్పటికి లేదు, సత్రం నడిపేవాడు ప్రయాణికులను కాదనకూడదన్న పాత నియమం మీదే గెలిచాడు. బ్రిటన్‌కు అలాంటి చట్టం 1965లో గానీ రాలేదు.

మీ విషయంలో స్విస్ చట్టం ఎంతవరకు పనికొస్తుందో చెప్పడం కష్టం. అందరికీ ఇచ్చే సేవను జాతిని బట్టి నిరాకరించడం అక్కడ 1995 నుంచి నేరమే. మీకు తిండి పెట్టారు, చోటే మార్చారు, కాబట్టి నిరాకరణ అని నిరూపించడం తేలిక కాదు. ఇదే మ్యూనిక్‌లో జరిగి ఉంటే, వివక్షను నిషేధించే 2006 నాటి జర్మన్ చట్టం కింద రెండు నెలల్లోగా పరిహారం అడగవచ్చు.

పల్నాడు

లండన్ గారూ, మీరు చెప్పిన కేసు బాగుంది. నాకు దగ్గరిది ఇంకొకటుంది.

మా ఊరి టీ కొట్టులో మా నాన్న గ్లాసు చూరులో ఉండేది. తనే తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ చూరులో పెట్టాలి. అడిగితే "టీ ఒకటే కదరా" అనేవారు. అదే పాలు, అదే చక్కెర. టీచరు గారి కింది హాలు గురించి చదువుతుంటే ఆ మాటే వినిపించింది.

టూర్ మేనేజర్ గారూ, "మనవాళ్లు శుభ్రంగా ఉండరు, అందుకే" అన్న వాదన మా పేటకు కొత్త కాదు. ఎవరో ఒకరి పేరు చెప్పి అందరినీ బయట కూర్చోబెట్టడం మాకు బాగా తెలుసు. గుడ్లు సంచిలో వేసుకున్నవారి దగ్గర గుడ్డుకింత అని వసూలు చేయండి. ఏమీ తీసుకోనివారి దగ్గర కిటికీ ఎందుకు లాక్కోవాలి?

టీచరు గారిని కూడా ఒకటి అడగాలి. మీరు పనిచేసిన ఊళ్లలో టీ కొట్లు ఎలా ఉండేవో గుర్తుందా? దెప్పిపొడవడానికి అడగడం లేదు. హోటళ్లలో, దుకాణాల్లో కులం పేరుతో, జాతి పేరుతో ఆపకూడదని మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలోనే ఉంది. స్విస్ చట్టం కన్నా ముందు నుంచే ఉంది.

టూర్ మేనేజర్, హైదరాబాద్

గుడ్డుకింత వసూలు చేయాలన్న మాట న్యాయమైనదే. కొన్ని హోటళ్లు డబ్బు తీసుకుని మధ్యాహ్నానికి పొట్లం కట్టి ఇస్తున్నాయి, గొడవ తగ్గింది. మా గ్రూపులకు కింది హాలు మాత్రం ఉండాలనే అంటాను. కానీ మేము అడిగిన హాలులోకి, గ్రూపులో లేని భారతీయులను కూడా తోస్తారన్న ఆలోచన నాకు ఇన్నేళ్లలో రాలేదు.

విశ్రాంత ఉపాధ్యాయిని, విజయవాడ

పల్నాడు గారూ, గుర్తుంది. 1984లో నా మొదటి ఉద్యోగం గుడివాడ దగ్గర ఒక పల్లెలో. బస్సు కోసం ఎదురుచూసే చోట కొట్టు. చూరులో నాలుగు గ్లాసులుండేవి. రెండేళ్లు అక్కడే, బెంచీ మీద కూర్చుని టీ తాగాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నా తరగతిలోని పిల్లల తండ్రులు నిలబడి తాగుతుంటే చూశాను. మీ ప్రశ్న చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మేనేజర్ గారూ, గ్రూపుకు వేరే హాలు మీ ఏర్పాటు, దానికి నేను అడ్డు చెప్పను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో గది నంబరు చూసి చెప్పమనే అడుగుతున్నాను.

నిన్న అబ్బాయి చేత హోటలుకు ఉత్తరం రాయించాను. వద్దన్నాడు, కూర్చోబెట్టి రాయించాను. తేదీలు, బుకింగ్ నంబరు, ఆ అమ్మాయి అన్న వాక్యం ఉన్నదున్నట్టు రాశాం. ఆ పిల్లను శిక్షించవద్దని కూడా రాశాం, ఆమెకు అలా చెప్పమని ఎవరో చెప్పి ఉంటారు. చివర అడిగింది ఒక్కటే: భారతీయులు కింద తినాలన్న నియమం మీ హోటల్లో ఉంటే, గది అమ్మేటప్పుడే ఎందుకు చెప్పలేదు?