పొగాకు మొక్కలో వైరస్ మందు తయారవుతుందా?

ప్రశ్న (కందుకూరు): మా నాన్న వర్జీనియా పొగాకు వేస్తారు. గ్రిఫిత్సిన్ అనే ప్రోటీన్‌ను పొగాకు జాతి మొక్కల్లో తయారుచేశారని మా మేడం చెప్పారు. అది చక్కెరలకు అతుక్కుని వైరస్‌ను ఆపుతుందట. ఎలా? మా పంటకు గిరాకీ వస్తుందా?

జవాబు (ఒంగోలు): తమ్ముడూ, బయోకెమిస్ట్రీ చెబుతాను కాబట్టి నాకెంతో ఇష్టమైన సంగతి ఇది. హెచ్ఐవీ ఒంటినిండా మానోజ్ చక్కెరల గొలుసులు ఉంటాయి. వాటిని తగిలించేది మన కణమే, అందుకే యాంటీబాడీలకు వైరస్ సరిగా దొరకదు. గ్రిఫిత్సిన్ లాంటి లెక్టిన్లు, అంటే చక్కెరలకు అతుక్కునే ప్రోటీన్లు, ఆ చక్కెర ముసుగునే పట్టుకుంటాయి. ఇక వైరస్ కణంలోకి దూరలేదు. గ్రిఫిత్సిన్ న్యూజిలాండ్ ఎర్ర నాచులో దొరికింది, 121 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. 2009లో దాన్ని నికోటియానా బెంథామియానా అనే పొగాకు జాతి మొక్క ఆకుల్లో పెద్ద ఎత్తున తీశారు. జన్యువును మోసుకెళ్లింది ఏదనుకున్నావు? మార్చిన పొగాకు మొజాయిక్ వైరస్! మీ నాన్నగారు చేలో చూస్తే బెంబేలెత్తే తెగులు అదే.

జవాబు (కావలి): అరటిపండులోనూ లెక్టిన్ ఉందంటున్నారు. రోజూ తింటే చాలదా అన్నా?

జవాబు (ఒంగోలు): చాలదమ్మా. తిన్నది వైరస్ దగ్గరికి మందులా చేరదు. పైగా సహజమైన అరటి లెక్టిన్ తెల్లకణాలను రెచ్చగొడుతుంది. ఒక్క అమైనో ఆమ్లం మార్చి ఆ గుణం బాగా తగ్గించారు, 2015లో ప్రచురించారు. అది నిజంగా గొప్ప పని.

తమ్ముడూ, ఆ బెంథామియానా మొక్క పొగాకుకు చుట్టమే కానీ మీ రకం కాదు, పెంచేదీ గ్రీన్‌హౌస్‌లో. గ్రిఫిత్సిన్‌కు మందుగా ఇంకా ఆమోదం రాలేదు. దీన్ని నమ్మి బ్యారన్‌లు (పొగాకు ఆకు ఆరబెట్టే కొట్టాలు) పెంచొద్దని నాన్నగారికి చెప్పు.